కొండ మీద రిలే పెట్టే ముందు కరెంటు ఎక్కడుందో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మండల కేంద్రంలో ఫైబర్ ఉంది. అక్కడి నుంచి మీ ఊరు సూటిగా చూస్తే 7 కిలోమీటర్లు, మధ్యలో కొండ అడ్డం. 60 ఇళ్లవాళ్లు నెట్ కనెక్షన్ కావాలంటున్నారు. కొండ మీద ఒక రిపీటర్ పెడితే సిగ్నల్ ఇవతలికి దిగుతుందా, స్పీడ్ ఎంత వస్తుంది, షాపులో దొరికే వైఫై ఎక్స్‌టెండర్‌తో పని జరుగుతుందా అని.

ఎక్స్‌టెండర్‌తో జరగదు. కొండ మీద రిలే పెడితే జరుగుతుంది. కానీ మీ స్థానంలో నేనుంటే ముందు కొండ ఎక్కను, కొండ చుట్టూ ఒకసారి బండి మీద తిరిగొస్తాను. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పదిహేడేళ్లుగా ఇదే పని నాది. కేబుల్ టీవీ వైర్లు లాగడంతో మొదలుపెట్టి గోదావరి జిల్లాల్లో, తర్వాత ఏజెన్సీ వైపు డిష్‌లు బిగించాను. పెట్టిన రిలేల్లో సగానికి పైగా బాగానే నడిచాయి. నడవని వాటిలో రేడియో (సిగ్నల్ పంపి, అందుకునే పెట్టె) తప్పు వల్ల ఆగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ కరెంటు, కోతులు, చెట్లు, తాళంచెవి దొరక్క ఆగినవే.

ముందు మాటల దగ్గర తిరకాసు తీర్చుకుందాం. రిపీటర్, బూస్టర్, రిలే అని అందరూ ఒకే అర్థంలో వాడేస్తారు గానీ లోపల జరిగే పని వేరు. ఒక రకం పెట్టె విన్నదాన్ని విన్నట్టే పెద్దది చేసి వదులుతుంది. పెళ్లిలో మైకుసెట్టు లాంటిది. మనిషి మాటతో పాటు వెనక పిల్లల గోల, ఫ్యాను చప్పుడు కూడా అంతే గట్టిగా వినిపిస్తుంది. పైగా మైకును స్పీకర్ ముందు పెడితే కుయ్‌మని కూస్తుంది కదా, ఈ పెట్టె కూడా తన యాంటెన్నా వదిలినదాన్ని తనే మళ్లీ విని అలాగే కూస్తుంది. చుట్టుపక్కల టవర్లన్నిటినీ పాడుచేస్తుంది. అనుమతి లేకుండా మొబైల్ బూస్టర్ పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం అన్నది ఇందుకే. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అని కొనకండి.

రెండో రకం, విన్నదాన్ని డేటాగా విప్పి, తప్పులు సరిచేసి, కొత్తగా మళ్లీ ప్రసారం చేస్తుంది. వచ్చిన ఉత్తరాన్ని చదివి, శుభ్రంగా తిరగరాసి ముందుకు పంపినట్టు. అవతలి గోల అవతలే ఆగిపోతుంది. మనకు కావాల్సింది ఇదే, ఇకపై రిలే అంటే దీన్నే అంటున్నాను. ఇది సొంత బుర్రతో కనిపెట్టిన పద్ధతేమీ కాదు. వైమాక్స్ (దూరాలకి నెట్ పంపే ఒక వైర్‌లెస్ పద్ధతి) వాళ్లు 2009లో 802.16జె అని రిలే స్టేషన్ల కోసమే ఒక స్టాండర్డ్ తెచ్చారు. అందులో తెలివైన విషయం, ఇంట్లో ఉన్న పరికరం మార్చక్కర్లేదు, అది రిలేతో మాట్లాడుతున్నా బేస్ స్టేషన్‌తో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. తర్వాత 4జీలో రిలీజ్ 10లో రిలే నోడ్ వచ్చింది, 5జీలో రిలీజ్ 16లో అదే ఆలోచన మరో పేరుతో వచ్చింది. వాటి గొడవ మనకొద్దు. మనం లైసెన్స్ అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్‌లో చిన్న డిష్‌లతో చేసేదీ మూలంలో అదే.

ఇప్పుడు "కరెంటు లేకుండా కొండ మీద రెండు డిష్‌లు వీపు వీపు కలిపి పెట్టి, మధ్యలో వైరు కలిపేస్తే చాలదా" అని ఎవరో ఒకరు మీకు చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు, నేను చేశాను కూడా, 2010 ప్రాంతంలో. కాబట్టి లెక్క చూపిస్తాను. 5.8 గిగాహెర్ట్జ్‌లో కిలోమీటరు దూరానికి గాలిలో పోయేది సుమారు 107.7 డీబీ. డీబీ అంటే సిగ్నల్ ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో చెప్పే కొలత. దూరం రెట్టింపైన ప్రతిసారీ ఇంకో 6 డీబీ పోతుంది. మండల కేంద్రం నుంచి కొండకి 5 కిలోమీటర్లు అనుకుంటే 121.7, కొండ నుంచి ఊరికి 3 కిలోమీటర్లు అనుకుంటే 117.3. బయల్దేరేటప్పుడు యాంటెన్నాతో కలిపి 36 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్‌లో కిందికి వెళ్లేకొద్దీ బలహీనం) ఉందనుకోండి, ప్రతి డిష్ 25 డీబీ ఇస్తుందనుకోండి. 36 లోంచి 121.7 తీసేసి, కొండ మీద రెండు డిష్‌లకు 50 కలిపి, 117.3 తీసేసి, ఊళ్లో డిష్‌కి 25 కలిపితే మైనస్ 128 వస్తుంది. గాలిలో ఊరికే ఉండే గోలే మైనస్ 95 దగ్గర ఉంటుంది. అంటే మీ సిగ్నల్ ఆ గోల కింద ఎక్కడో పాతాళంలో ఉంది. వీపు డిష్‌ల పద్ధతి ఒక వైపు దూరం మరీ తక్కువ ఉన్నప్పుడు మాత్రమే ఏదో పనిచేస్తుంది. కిలోమీటర్లు దాటితే వదిలేయండి.

అదే లెక్క కొండ మీద రేడియో పెట్టి చూడండి. 36 లోంచి 121.7 పోగా 25 కలిస్తే మైనస్ 60.7. వైర్లకీ, అలైన్‌మెంట్ (డిష్‌ల గురి) తేడాకీ రెండు డీబీ తీసేసినా మైనస్ 63 వస్తుంది. బంగారం లాంటి లింకు. రెండో సగం దూరం తక్కువ కాబట్టి అక్కడ ఇంకా బాగుంటుంది. ఒక లింకుగా చస్తే కాని పని, రెండు లింకులుగా విరగ్గొడితే సునాయాసంగా అయిపోతుంది. రిలే వల్ల వచ్చే లాభం ఇంతే, మాయ ఏమీ లేదు. ఒక్క మాట, ఆ 36 అనేది లెక్క కోసం వేసుకున్నది. బ్యాండ్‌ని బట్టి రూల్ ఎంత ఒప్పుకుంటుందో చూసుకుని అంతే పెట్టండి. 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చారు, మనకి చోటు బోలెడంత ఉంది. పవర్ పెంచి పక్కవాడిని ముంచాల్సిన పని లేదు.

స్పీడ్ విషయం. ఇక్కడే చాలామంది మునుగుతారు. ఒకే రేడియోతో రిలే పెడితే అది ఒకేసారి వినలేదు, మాట్లాడలేదు. మండల కేంద్రం నుంచి ఒక ప్యాకెట్ వినాలి, అది అయ్యాక అదే చానెల్‌లో ఊరికి పంపాలి. సగం సమయం వినడానికి, సగం చెప్పడానికి. 40 మెగాహెర్ట్జ్ చానెల్‌లో 802.11ఏసీ (ఒక వైఫై తరం) రెండు యాంటెన్నాల రేడియో పెట్టె మీద 400 ఎంబీపీఎస్ అని ఉంటుంది. చేతికి వచ్చేది, వెళ్లేదీ వచ్చేదీ కలిపి, 200 నుంచి 250. ఒకే రేడియో రిలే దాన్ని మళ్లీ సగం చేస్తుంది. 60 ఇళ్లు రాత్రి 8 గంటలకి ఒకేసారి వీడియోలు చూస్తుంటే సగటున ఇంటికి 2-3 ఎంబీపీఎస్ లాగుతాయని నా అనుభవం. అంటే 120 నుంచి 180. ఒకే రేడియో అయితే మీ ఫోన్ రాత్రి 8 నుంచి 10 దాకా మోగుతూనే ఉంటుంది.

అందుకే కొండ మీద రెండు వేర్వేరు రేడియోలు పెట్టండి. ఒకటి మండల కేంద్రం వైపు చూసే డిష్. ఇంకోటి ఊరి వైపు, ఇళ్లన్నీ ఒక దిక్కునే ఉంటే 60 లేదా 90 డిగ్రీల సెక్టార్, అంటే ఆ కోణమంతా సిగ్నల్ పరిచే యాంటెన్నా. మధ్యలో చిన్న స్విచ్. రెండూ వేర్వేరు చానెళ్లలో, వీలైనంత దూరం చానెళ్లలో. అప్పుడు స్పీడ్ సగం అవదు.

కానీ రెండు రేడియోలు ఒకే స్తంభం మీద ఉంటే కొత్త సమస్య మొదలవుతుంది. మీరు ఫోన్‌లో అవతలివాడి మాట సన్నగా వింటుంటే పక్కనే ఒకడు గొంతెత్తి అరిస్తే ఎలా ఉంటుంది? మండల కేంద్రం నుంచి వచ్చే సిగ్నల్ కొండ దగ్గరికి చేరేసరికి చీమంత. పక్కనున్న సెక్టార్ వదిలేది ఏనుగంత. చానెల్ వేరైనా ఏనుగు తోక చీమ మీద పడుతుంది. మీటర్‌లో సిగ్నల్ మైనస్ 62 అని చక్కగా చూపిస్తుంది, స్పీడ్ మాత్రం రాదు, కొత్తవాళ్లు అక్కడ తల పట్టుకుంటారు. సిగ్నల్ కాదు, సిగ్నల్‌కీ గోలకీ తేడా చూడండి. అది 30 డీబీకి తగ్గితే ఏదో నొక్కుతోందని అర్థం.

ఈ జబ్బు మీద మన దగ్గరే మంచి పని జరిగింది. బైర్రాజు ఫౌండేషన్ వాళ్లు పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో అశ్విని అని వైఫైతో నెట్‌వర్క్ వేశారు, ఊరి నుంచి ఊరికి డిష్‌లతో. ఐఐటీల నుంచి భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ఆ నెట్‌వర్క్ మీదా, అంతకుముందు కాన్పూర్ చుట్టుపక్కల వేసిన దాని మీదా 2007లో అనుభవాలు రాశారు. అంతకు ముందే, 2005లో, రామన్ వాళ్లు చెప్పిన చిట్కా ఒకటుంది. ఒక స్తంభం మీద ఎన్ని రేడియోలున్నా అన్నీ ఒకేసారి మాట్లాడాలి, అన్నీ ఒకేసారి వినాలి. ఒకటి వింటుంటే ఇంకోటి అరవకూడదు. అప్పుడు అన్నీ ఒకే చానెల్‌లో ఉన్నా ఫరవాలేదు. ఇప్పుడు మార్కెట్‌లో జీపీఎస్ సింక్ అని అమ్ముతున్నారే, ఆ రేడియోలు చేసేది ఈ పనే. మీకు 60 ఇళ్లే కాబట్టి అంత ఖరీదు పెట్టకపోయినా నడుస్తుంది. రెండు రేడియోలను పైనా కిందా కనీసం మీటరున్నర ఎడంగా బిగించండి, పక్కపక్కన వద్దు. రెండింటి చానెళ్ల మధ్య కనీసం 100 మెగాహెర్ట్జ్ వదలండి. ఒకటి 5.2 దగ్గర, ఒకటి 5.8 దగ్గర ఉంటే ఇంకా హాయి.

ఇంకో చిన్న సెట్టింగ్ ఉంది, దీన్ని మర్చిపోయి రెండు రోజులు కొండ ఎక్కి దిగిన వాళ్లు నాకు తెలుసు, అందులో ఒకడిని నేనే. వైఫై ప్యాకెట్ పంపాక అవతలి నుంచి "అందింది" అన్న జవాబు కోసం కొద్దిసేపే ఆగుతుంది. కిలోమీటరుకి సిగ్నల్ 3.3 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, 5 కిలోమీటర్లు వెళ్లి రావడానికి 33. ఇంట్లో వాడే లెక్కతో ఉన్న రేడియో అంతసేపు ఆగదు, అందలేదనుకుని మళ్లీ పంపుతుంది. సిగ్నల్ నిండుగా ఉంటుంది, నెట్ నత్తలా నడుస్తుంది. డిస్టెన్స్ అని ఉన్న చోట అసలు దూరం కంటే కొంచెం ఎక్కువ వేయండి.

సరే, రేడియో లెక్కలు అయిపోయాయి. నిజం చెప్పాలంటే ఇవి సులువు. ఇక అసలు సంగతి.

2012లో అనుకుంటా, ఒక కొండ మీద గుడి ఉంటే అక్కడ రిలే పెట్టాం. గుడికి సన్నటి సర్వీసు వైరు మీద కరెంటు ఉంది, పూజారిగారు మంచాయన, ప్లగ్గు ఇచ్చారు. రెండు నెలలు ఏ గొడవా లేదు. కార్తీకమాసం వచ్చింది. రోజూ సాయంత్రం 6 అయ్యేసరికి కింద రెండు ఊళ్లకి నెట్ పోయేది, 9కి వచ్చేది. పగలు వెళ్లి చూస్తే అంతా శుభ్రం. రేడియో మార్చాం, స్విచ్ మార్చాం, వైరు మార్చాం. చివరికి ఒక సాయంత్రం మల్టీమీటర్ పట్టుకుని అక్కడే కూర్చున్నాను. 6 దాటాక సీరియల్ లైట్లు వేశారు, మైకుసెట్టు పెట్టారు, ప్రసాదం దగ్గర పెద్ద హీటర్ ఆన్ చేశారు. మీటరు 210 నుంచి జారుకుంటూ వచ్చి 90 కూడా లేకుండా పోయింది. అడాప్టర్లు పడిపోవడం, రేడియోలు మళ్లీ లేవడం, మళ్లీ పడిపోవడం. రేడియోలో అప్‌టైమ్ (ఆన్ అయి ఎంతసేపైందో చెప్పే లెక్క) చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది, ప్రతిసారీ 4 నిమిషాలు, 6 నిమిషాలు అని ఉంది. చూడలేదు. అప్పటి నుంచి ఏ సమస్య వచ్చినా మొదట చూసేది అప్‌టైమే.

మీ కొండ మీద గుడి కూడా లేదన్నారు, కరెంటు స్తంభం లేదన్నారు. అంటే సోలార్. రెండు రేడియోలు, స్విచ్ కలిపి 25 వాట్లు అనుకోండి. రోజుకి 600 వాట్‌అవర్లు. ఆగస్టులో ముసురు పట్టి మూడు రోజులు ఎండ మొహం కనిపించకపోతే 1800. లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే ఏడాదికే చచ్చిపోతుంది, కాబట్టి 3600 ఉండాలి. 12 వోల్టులకి 300 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ సామర్థ్యం), అంటే 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు. ఒక్కో ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైనే. దాన్ని మీ కొండ మీదికి ఎవరు మోస్తారు? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 100 ఏహెచ్‌ది 12-13 కిలోలే, దాన్ని దాదాపు పూర్తిగా వాడుకోవచ్చు, రెండు చాలు. ఖరీదు ఎక్కువే, అయినా కొండకి అదే తీసుకోండి. ప్యానెల్ విషయంలో కక్కుర్తి పడకండి. వానాకాలంలో రోజుకి 3 గంటల ఎండ లెక్క వేసి, నష్టాలు తీసేస్తే 300 వాట్ల దగ్గర తేలుతుంది, బ్యాటరీ ఖాళీ అయ్యాక మళ్లీ నిండాలి కదా, 400 పెట్టండి. 100 వాట్ల ప్యానెల్, పాత ఇన్వర్టర్ బ్యాటరీతో పెట్టిన రిలేలు ఎండాకాలంలో బ్రహ్మాండంగా నడిచి, జూలైలో పడుకుంటాయి. నేను చూసిన "వానకి సిగ్నల్ పోతోందండి" కంప్లయింట్లలో ఎక్కువ ఇవే. 5 గిగాహెర్ట్జ్‌కి ఇంత దూరంలో వాన ఒక లెక్క కాదు. పోయేది సిగ్నల్ కాదు, బ్యాటరీ.

దీని మీద దొంగలు, పిడుగులు, కోతులు. కోతులని నవ్వకండి. వాటికి నల్ల వైరు వేలాడుతూ కనిపిస్తే లాగకుండా ఉండలేవు. ఏజెన్సీలో ఒక చోట 3 నెలల్లో 4 సార్లు క్యాట్6 నెట్‌వర్క్ వైరు కొరికేశాయి. జీఐ పైపులో వైరు దూర్చి, రేడియో దగ్గర మిగిలిన అడుగు ముక్కకి ఇనుప ఫ్లెక్సిబుల్ గొట్టం తొడిగాకే మాకు శాంతి. పిడుగుకి, స్తంభం కొన డిష్ కంటే పైకి ఉండాలి, దాని నుంచి విడిగా ఎర్త్ పట్టీ కిందికి రావాలి. బండరాయి మీద ఎర్తింగ్ దొరకదు, కొంచెం కిందికి మట్టి ఉన్న చోటు వెతికి బొగ్గు, ఉప్పు వేసి గొయ్యి పెట్టుకోవాలి. ఈదురుగాలి ఇంకోటి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక విశాఖ చుట్టూ ఎన్ని స్తంభాలు పడుకున్నాయో చూసినవాడిని. 30 సెంటీమీటర్ల డిష్ చాలే చోట 60ది పెడితే గాలి నాలుగింతలు పట్టుకుంటుంది. మూడు వైపులా స్టే వైర్లు, ఏడాదికోసారి టర్న్‌బకిల్ (స్టే వైరు లాగి పట్టే మర) బిగించడం తప్పదు.

ఇన్నీ చేసినా ఒక లెక్క మారదు. ఒక లింకు ఏడాదిలో 99 శాతం నడుస్తుందనుకోండి, రెండోదీ అంతే. గొలుసు కట్టాక 98 శాతమే. ఆ 2 శాతం అంటే ఏడాదికి 7 రోజులు. ఆ 7 రోజుల్లో కొండ ఎక్కాల్సింది మీరే, అదీ వానలోనే.

అందుకే కొండ చుట్టూ తిరగమన్నాను. కనిపించే చోటు వెతుక్కుని అక్కడికి కరెంటు తీసుకెళ్లడం కష్టం. కరెంటు ఉన్న చోటు వెతుక్కుని అక్కడి నుంచి కనిపిస్తుందా అని చూడడం సులువు. కొండ పక్కకి ముగిసే చోట, వాగు మలుపు దగ్గర ఇంకో ఊరు ఉండే ఉంటుంది. ఆ ఊళ్లో డాబా ఇల్లో, వాటర్ ట్యాంకో, స్కూలు బిల్డింగో చూడండి. మండల కేంద్రం నుంచి అక్కడికి 6 కిలోమీటర్లు, అక్కడి నుంచి మీ ఊరికి 4 అయినా నాకు నచ్చేది అదే. దూరం పెరిగితే రెండు మూడు డీబీ పోతాయి, పోతే పోనివ్వండి. ఆ ఇంటాయనకి ఫ్రీ కనెక్షన్ ఇవ్వండి. లైటు వెలుగుతుందా అని ఫోన్‌లో అడిగితే చూసి చెప్పే మనిషి ఒకరు దొరుకుతారు. ఆ మనిషి ఖరీదు ఏ రేడియోకీ లేదు. పైగా దారిలో ఇంకో ఊరికి కూడా కనెక్షన్లు దొరుకుతాయి.

కనిపిస్తుందో లేదో ఎలా చూడాలి? ముందు గూగుల్ ఎర్త్‌లో రెండు చోట్ల మధ్య గీత గీసి ఎత్తుల గ్రాఫ్ చూడండి, స్థూలంగా తెలుస్తుంది. చెట్లు అందులో కనపడవు. కాబట్టి అద్దం. మామూలు గెడ్డం గీసుకునే అద్దం. ఎండ బాగున్న రోజు ఒకరు డాబా మీద అద్దం ఆడించాలి, ఇంకొకరు మండల కేంద్రం టవర్ దగ్గర నిలబడి చూడాలి. 5-6 కిలోమీటర్ల నుంచి కూడా చుక్క తళుక్కుమంటుంది. బైనాక్యులర్ ఉంటే ఇంకా సులువు.

తళుక్కుమంది కదా అని ఆగకండి. కంటికి కావాల్సింది సన్నటి గీత, రేడియోకి కావాల్సింది మధ్యలో లావుగా ఉబ్బిన దోసకాయంత చోటు. ఫ్రెనెల్ జోన్ అంటారు. 5.8లో 5 కిలోమీటర్ల లింకుకి సరిగ్గా మధ్యలో దాని వ్యాసార్థం 8 మీటర్లు. అందులో 60 శాతం, అంటే సుమారు 5 మీటర్లు, గీతకి అన్ని వైపులా ఖాళీగా ఉండాలి. శ్రీకాకుళం తీరం వైపు ఒక లింకు పెట్టినప్పుడు మధ్యలో సరుగుడు తోట ఉంది, చెట్లు నడుం ఎత్తు. చూసి కూడా వదిలేశాం. మొదటి ఏడాది సిగ్నల్ మైనస్ 58. రెండో ఏడాది మైనస్ 63. మూడో ఏడాది మైనస్ 71, గాలి వీస్తే ఊగిసలాట. సరుగుడు ఏడాదికి రెండు మూడు మీటర్లు పెరుగుతుందని తెలియక కాదు, లింకు పెట్టే రోజు తొందరలో గుర్తు రాక. స్తంభం 4 మీటర్లు పెంచితే మైనస్ 59కి వచ్చింది. రైతు తోట నరికేదాకా ఆగుదాం అన్నాడు మా పార్ట్‌నర్, ఆగి ఉంటే కస్టమర్లు నరికేవాళ్లు.

గోదావరి జిల్లాల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక పక్కమాట. చేపల చెరువుల మీదుగా లింకు వేస్తే నీళ్లు అద్దంలా పనిచేస్తాయి. సూటిగా వచ్చే సిగ్నల్, నీటి మీద కొట్టుకుని వచ్చేదీ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. భీమవరం వైపు ఒక లింకు శీతాకాలం తెల్లవారుజామున 15 డీబీ పడిపోయి ఎండెక్కాక లేచేది. డిష్‌ని రెండు మీటర్లు కిందికి దించాం, అవును కిందికే, సరిపోయింది. ఎత్తు పెంచడమే అన్నిటికీ మందు కాదు.

అలైన్‌మెంట్ రోజు ఇద్దరు చాలు, కానీ ఇద్దరూ ఓపికున్నవాళ్లై ఉండాలి. ఒక వైపు కదలకుండా పెట్టి రెండో వైపు మెల్లగా, ఒక్కో డిగ్రీ తిప్పుతూ నంబర్ చదవాలి. తిప్పాక మూడు సెకన్లు ఆగి చదవాలి, రేడియో తీరిగ్గా చెబుతుంది. ముందు మైనస్ 75 లాంటి ఒక శిఖరం తగిలితే అదే అసలైంది అనుకుని బిగించేస్తారు. అది పక్క లోబ్ కావచ్చు, అంటే డిష్ అసలు దిక్కుకి కాక పక్కకి చిమ్మే బలహీనమైన సిగ్నల్. ఇంకా తిప్పండి, లెక్కలో వచ్చిన మైనస్ 63కి మూడు నాలుగు డీబీ లోపు వచ్చేదాకా ఒప్పుకోకండి. పది డీబీ తేడా ఉంటే అడ్డం ఉన్నట్టో, డిష్ పక్క లోబ్ మీద ఉన్నట్టో. లెక్క ముందే వేసుకోమన్నది ఇందుకే.

కాగితాల సంగతి. లైసెన్స్ అక్కర్లేనిది ఆ ఫ్రీక్వెన్సీకి మాత్రమే, డబ్బు తీసుకుని 60 ఇళ్లకి నెట్ అమ్మే వ్యాపారానికి కాదు. లైసెన్స్ ఉన్న ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) ఒకరి దగ్గర ఫ్రాంచైజీ తీసుకుని చేయండి. లేదంటే 2020 డిసెంబరులో కేంద్రం ఒప్పుకున్న పబ్లిక్ వైఫై పథకం పీఎం-వాణి కింద పీడీవోగా (పబ్లిక్ డేటా ఆఫీస్, అంటే వైఫై పెట్టే చిన్న కొట్టు) వైఫై పెట్టొచ్చు, దానికి లైసెన్స్ అక్కర్లేదు, కానీ అది ఊళ్లో హాట్‌స్పాట్ పద్ధతి, ఇంటింటి కనెక్షన్ అలవాటైన జనం ఎంత ఒప్పుకుంటారో చూసుకోండి. కొండ ఎవరిదో కూడా ముందే కనుక్కోండి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే అనుమతి లేకుండా ఒక్క పైపు కూడా పాతకూడదు, పాతితే రెండో రోజే తీసేస్తారు.

ఇంకోటి. మీ పంచాయతీ ఆఫీసులో ఒకసారి అడిగి చూడండి. పంచాయతీలకి ఫైబర్ వేసే కేంద్ర పథకం భారత్‌నెట్ పెట్టె, లేదా ఏపీ ఫైబర్‌నెట్ వాళ్లు కరెంటు స్తంభాల మీద లాగిన కేబుల్ మీ ఊరి దాకా వచ్చి ఆగిపోయి ఉండొచ్చు. ఊరికే దుమ్ము పట్టి ఉన్న పెట్టెలు చాలా చూశాను. అది బతికుంటే పైన రాసిందంతా మీకు అక్కర్లేదు.

లేకపోతే ఈ ఆదివారం బండి మీద కొండ చుట్టూ తిరగండి. కరెంటు ఉన్న డాబాలు, ట్యాంకులు రెండు మూడు గుర్తించి, ఒక్కోదాని దగ్గర ఫోన్‌లో లొకేషన్, టెర్రస్ ఎత్తు, రెండు దిక్కులా ఫొటోలు తీసుకోండి. అద్దం పరీక్ష ఫలితం కూడా. అవి ఇక్కడ పెడితే ఎత్తుల గ్రాఫ్ నేనే గీసి, ఏ చానెల్ ఎక్కడ వేయాలో, స్తంభం ఎన్ని మీటర్లు కావాలో చెబుతాను. ఏ ఒక్క చోటూ కుదరకపోతే అప్పుడు కొండ ఎక్కుదాం, లిథియం బ్యాటరీ లిస్టు కూడా అప్పుడే ఇస్తాను.